గోనెసంచి వెనుక మనుషులు: ఏలూరు జూట్ కార్మికుల ముచ్చట

ఏలూరు అనగానే పై ఊళ్ళవాళ్ళకు తివాచీలు గుర్తొస్తాయి. మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా డెబ్బై దాటిన పెద్దలకు, ముందుగా గుర్తొచ్చేది జూట్ మిల్లు. ఆ పరిశ్రమలో బతికినవారి చరిత్ర ఎవరూ పుస్తకంగా వేసినట్లు లేదు. తెలిసినంతవరకు మన పిల్లల కోసమైనా నాలుగు మాటలు రాసిపెట్టాలని ఈ ప్రయత్నం.

జనపనార పండని ఏలూరులో జూట్ మిల్లు ఎందుకు వెలిసింది? జవాబు వరిచేలల్లో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా అంతా వరి అయింది. గోదావరి నీళ్ళతో వచ్చిన ఏలూరు కాలువ కృష్ణ కాలువలతో కలిసింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి మద్రాసు రైలు మార్గమూ ఊళ్ళోంచే పోయింది. తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు మిల్లుల్లో ఆడిన బియ్యం రైలెక్కాలంటే సంచి కావాలి. ఆ సంచికి నార ఉత్తరాంధ్ర నుంచి వచ్చేది. అక్కడ పండే గోగునారనే విదేశీ వ్యాపారులు భీమిలి రేవు పేరు పెట్టి ‘బిమిలీ జూట్’ అనేవారు. మనం ఇష్టంగా తినే గోంగూర ఆ గోగుమొక్క ఆకే! ఆకు వంటింటికి, నార మిల్లుకి. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో ఏలూరులో శ్రీకృష్ణా జూట్ మిల్స్ వెలసింది ఈ వాతావరణంలోనే. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు నారకు దగ్గరగా ఉంటే, మన మిల్లు ధాన్యానికి దగ్గరగా ఉంది.

1947లో దేశ విభజనతో ఈ పరిశ్రమ రెండు ముక్కలైంది. మంచి జనపనార పండే భూముల్లో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తానుకు పోయింది, మిల్లులు దాదాపు అన్నీ భారతదేశంలో మిగిలాయి. 1949లో మన రూపాయి విలువ తగ్గించినా పాకిస్తాన్ తనది తగ్గించలేదు. దాంతో సరుకు రాకపోకలే స్తంభించాయి. అప్పుడు అందరి చూపు మన గోగునార మీద పడింది. ఢాకాలోనో కరాచీలోనో జరిగిన నిర్ణయానికి విజయనగరం రైతు మరో ఎకరం గోగు వేశాడంటే మన పిల్లలు నమ్మరు.

ఇక మిల్లు లోపలి సంగతి. బేళ్ళు విప్పిన నార ముందు బ్యాచింగ్‌కు పోయేది. అక్కడ నూనె, నీళ్ళు కలిపి చల్లి, మెత్తబరిచే యంత్రంలోంచి తీసి, గుట్టలు వేసి మాగబెట్టేవారు. ఆ నూనె వాసన మనిషికి ఎంతగా పట్టేదంటే, కార్మికుడు వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోవాళ్ళకు తెలిసిపోయేది. తర్వాత కార్డింగ్. నారను దువ్వి పొడవాటి పాయలుగా తీసే చోటు అది. మిల్లు మొత్తంలో దుమ్ము ఎక్కువ అక్కడే. ముక్కుకు తుండుగుడ్డ తప్ప మరో రక్షణ ఉండేది కాదు, బెల్లం ముక్క నమిలితే గొంతులో దుమ్ము దిగిపోతుందని ఒక నమ్మకం. ఆ తర్వాత డ్రాయింగ్, స్పిన్నింగ్, వైండింగ్, బీమింగ్, చివరికి మగ్గాలు. మగ్గాల ఖాతాలో మాట వినపడదు. చేతి సైగలూ పెదవుల కదలికలే భాష. అదే అలవాటై రిటైరయ్యాక ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవారు మనలో ఇంకా ఉన్నారు, మనవలు నవ్వుతుంటారు గాని అది చెవులు పోయిన మాట.

నేసిన గుడ్డను కేలండర్ చేసి, కోసి, అంచు కుట్టి సంచి చేసేవారు. ధాన్యానికి ఎక్కువగా వాడిన ‘బి ట్విల్’ సంచి రెండుంబాతిక పౌన్లు, అంటే 1,020 గ్రాములు తూగేది, క్వింటాలు సరుకు పట్టేది. తర్వాతి కాలంలో మోసేవాడి నడుము గురించి ఆలోచన వచ్చి యాభై కిలోల సంచి వచ్చింది. దాని బరువు మొదట 665 గ్రాములు, తర్వాత 580. కుట్టు దగ్గర ఆడవాళ్ళు పనిచేసేవారు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళను రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు వరకు పనిలో పెట్టకూడదన్నది. మంచి ఉద్దేశమే. కాని మూడు షిఫ్టులు తిరిగే మిల్లులు ఆ వంకతో మగవారినే తీసుకోవడం మొదలుపెట్టాయి. దేశంలోని జూట్ మిల్లుల్లో ఆడవారి సంఖ్య పడిపోవడానికి ఇదొక కారణం.

నా ఉద్యోగం చాలాకాలం టైమ్ ఆఫీసు బల్ల దగ్గర గడిచింది కాబట్టి నాకు బాగా తెలిసింది హాజరు లెక్క. పర్మినెంటు కార్మికుడి పక్కనే ‘బదిలీ’ కార్మికుడని ఒకడుండేవాడు. ఎవరైనా రాకపోతే ఆ చోట్లో పని. రాత్రి షిఫ్టుకు గేటు ముందు నిలబడి, పేరు పిలవకపోతే అన్నం క్యారేజీతో వెనక్కి నడిచిపోవడమే. వరినాట్లకూ కోతలకూ పర్మినెంటువాళ్ళు ఊళ్ళకు పోతే బదిలీలకు పండగ. తమ్మిలేరు పొంగి కొల్లేటి వైపు దారులు మునిగితే, వచ్చేవాళ్ళు రాలేక, ఉన్నవాళ్ళకు వరసగా షిఫ్టులు. ఇది ఒక్క ఊరి పద్ధతి కాదు, దేశంలోని జూట్ మిల్లులన్నిటా ఉన్నదే.

ఆ బతుకులో అసలైన అంకె 240. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది నిరంతర సర్వీసు కింద లెక్క. అది పూర్తిచేసిన బదిలీని ఇక బదిలీగా చూడకూడదని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. 1972 గ్రాట్యుటీ చట్టంలోనూ అదే అంకె. అయిదేళ్ళు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం. 239 రోజులవాడికీ 240 రోజులవాడికీ మధ్య ఒక్క షిఫ్టే తేడా, ఫలితంలో మాత్రం ఒక ఏడాది. జీతం ముట్టిన ఆదివారాలు, సెలవులు కూడా ఆ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. అంతకుముందు ఎందరి ఏళ్ళు కొట్టుకుపోయాయో!

పింఛను ముచ్చటా ఇంతే. 1952లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం మొట్టమొదట వర్తించిన ఆరు పరిశ్రమల్లో జనపనార బట్ట కూడా ఉంది. 1971లో కుటుంబ పింఛను వచ్చింది. 1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం. పదేళ్ళ సర్వీసు ఉంటేనే నెలవారీ పింఛను, లేకుంటే ఒకేసారి కొంత మొత్తం. జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి డెబ్బైతో భాగించాలి. అప్పట్లో జీతం పరిమితి 6,500 కాబట్టి, 1995 తర్వాత పద్నాలుగేళ్ళు చేసినవాడికి ఆ భాగానికి మహా అయితే వచ్చేది 1,300 రూపాయలు. 2014 సెప్టెంబరులో కనీస పింఛను వెయ్యి చేశారు. వెయ్యి రూపాయలు రక్తపోటు మాత్రలకు సరిపోతాయేమో, మిగతా నెలకు కాదు. బదిలీగా పోయిన ఏళ్ళు ఈ లెక్కలో దెబ్బతీశాయి.

ఇంతలో ప్లాస్టిక్ సంచి వచ్చింది. మొదట సిమెంటు, ఎరువులు అటు మళ్ళాయి. 1987లో జనపనార సంచుల తప్పనిసరి వాడకం చట్టం వచ్చి ఆహారధాన్యాలు, పంచదార వరకు కొంత నిలబెట్టింది. అందుకే జూట్ కార్మికుడి కూలి ఢిల్లీలో ధాన్యం సేకరణ ఆర్డర్ల మీద ఆధారపడింది. గూడెంలో 1960లో పెట్టిన ఫుడ్స్ ఫ్యాట్స్ అండ్ ఫెర్టిలైజర్స్ వంటి కర్మాగారాలూ ఈ ధాన్యం చుట్టూ అల్లుకున్నవే. తవుడు ఆడిన వెంటనే నూనె తీయకపోతే పులుపెక్కుతుంది కనుక అవి బియ్యం మిల్లుల పక్కనే ఉండాలి. సంచి మాత్రం ఎక్కడినుంచైనా రావచ్చు. మన మిల్లుకు చిక్కు వచ్చింది ఈ తేడాతోనే.

చివరగా ఒక మనవి. తొమ్మిదేళ్ళ ఆరు నెలలు దాటిన సర్వీసును పింఛను పథకంలో పదేళ్ళుగానే లెక్కించేవారు. మీ ఇంట్లో పాత పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు, హాజరు టోకెన్ ఏదైనా పెట్టె అడుగున ఉంటే పారేయకండి. తేదీలు సరిచూసుకుని సంఘ కార్యాలయానికి తీసుకురండి. ముఖ్యంగా బదిలీగా పనిచేసి పోయినవారి భార్యలు రావాలి.