మాజీ సైనికుల ఉద్యోగ రిజర్వేషన్: కోనసీమ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: మాజీ సైనికులకు ప్రభుత్వోద్యోగాలలో లభించే ప్రాధాన్యాన్ని సాధారణంగా శాతాలలో కొలుస్తారు. ఆ శాతం ఎవరిని సైనికుడిగా గుర్తిస్తుంది, ఏ పద్ధతిలో లెక్కకు వస్తుంది అన్న రెండు అంశాలే దాని ఫలితాన్ని నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మాజీ సైనికులు, సమాంతర రిజర్వేషన్, రోస్టర్, అగ్నివీర్, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమ 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి జవానుగా చేరిన వ్యక్తి సాధారణంగా నలభై ఏళ్లకు అటూ ఇటూగా పింఛనుతో ఇంటికి చేరుకుంటాడు. పిల్లల చదువులు అప్పటికింకా పూర్తికావు. అందువల్ల రెండవ ఉద్యోగం అతనికి గౌరవసూచకం మాత్రమే కాదు, కుటుంబావసరం కూడా.

2. తిలంగాల నుండి ‘యుద్ధజాతుల’ వరకు

ఈస్టిండియా కంపెనీ తొలి సైన్యాలలో తెలుగు సిపాయిలు గణనీయంగా ఉండేవారు. బెంగాలులో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు వాడుకలోకి రావడమే ఇందుకు నిదర్శనం. 1881–85 మధ్య మద్రాసు సైన్యానికి, 1885–93 మధ్య భారత సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ ‘యుద్ధజాతుల’ సిద్ధాంతాన్ని బలంగా సమర్థించాడు. దాని ప్రభావంతో దక్షిణాది నియామకాలు క్షీణించాయి. పంజాబు కాలువ ప్రాంతాలలో మాజీ సైనికులకు భూములు దక్కుతున్న కాలంలోనే తెలుగువారికి సైన్యప్రవేశం సన్నగిల్లింది. సైన్యంలో చోటు లేనివారికి సైనికునికి దక్కే ప్రతిఫలమూ ఉండదు. ప్రపంచ యుద్ధాల అవసరాలు ఈ ద్వారాన్ని మళ్లీ తెరిచాయి. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం ‘మిలటరీ మాధవరం’గా పేరొందడం గోదావరి మండలంలో ఆ మార్పునకు గుర్తు.

3. నియమాల నిర్మాణం

స్వాతంత్ర్యానంతరం ప్రతిఫలం భూమి రూపం నుండి ఉద్యోగ రూపానికి మారింది. 1979 నాటి కేంద్ర నియమాలు గ్రూప్-సి పోస్టులలో 10 శాతం, గ్రూప్-డి పోస్టులలో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించాయి. ప్రభుత్వరంగ సంస్థలలో, జాతీయ బ్యాంకులలో ఇవి వరుసగా 14.5, 24.5 శాతాలు. వీటిలో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించినవారి ఆశ్రితులకు ఉద్దిష్టం. మెట్రిక్యులేషన్ చదివి పదిహేనేళ్లు సేవ చేసినవారిని, సాంకేతిక అర్హత అక్కరలేని గ్రూప్-సి పోస్టులకు పట్టభద్రులతో సమానంగా పరిగణిస్తారు. ఆంధ్రప్రదేశ్ సర్వీసు నియమావళి (1996) 22వ నియమం ప్రకారం రాష్ట్ర వాటా 2 శాతం. వయఃపరిమితిలో సైనిక సేవాకాలానికి మూడేళ్లు కలిపి సడలింపు ఇస్తారు.

కోనసీమలో కేంద్ర ఉద్యోగావకాశాలు పరిమితం. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం ఇంకా నిర్మాణంలోనే ఉంది. తాటిపాక వంటి చోట్ల ఓఎన్‌జీసీ ఉన్నా, స్వస్థలంలోనే ఉద్యోగం కోరేవారికి రాష్ట్ర వాటాయే ముఖ్యం.

4. రోస్టరా, సమాంతరమా?

2 శాతమంటే యాభై పోస్టులకు ఒకటి. ఆ ఒక్కటి ఎలా లెక్కకు వస్తుందన్నదే అసలు వివాదం. 1992లో ఇంద్రా సాహ్ని తీర్పు కుల ప్రాతిపదిక గల నిలువు రిజర్వేషన్లను, వాటికి అడ్డంగా సాగే సమాంతర రిజర్వేషన్లను వేరుచేసింది. రోస్టర్ బిందువు కేటాయిస్తే, ప్రతిభతో ఎంపికైన మాజీ సైనికులను మినహాయించి ఆ స్థానం అదనంగా దక్కే వీలుంది. సమాంతర పద్ధతిలో ఒక సామాజిక వర్గం వాటాలో ఎంపికైన మాజీ సైనికులను ముందుగా లెక్కిస్తారు. వారు చాలినంతమంది ఉంటే మరొకరికి చోటు ఉండదు. అంటే శాతం మారకుండానే ఫలితం మారుతుంది. 2023 ఆగస్టు 2న జారీ అయిన 77వ నంబరు ఉత్తర్వు రాష్ట్రంలో సమాంతర పద్ధతిని నిర్దేశించింది. 2025 ఫిబ్రవరి 23న జరిగిన గ్రూప్-2 మెయిన్స్‌కు ముందు చెలరేగిన రోస్టర్ ఆందోళన ఈ సందిగ్ధతకు పరాకాష్ఠ.

5. అగ్నివీరుల ప్రశ్న

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల తరువాత గరిష్ఠంగా 25 శాతం మందే కొనసాగుతారు. మిగిలినవారికి పింఛను గాని, మాజీ సైనిక హోదా గాని ఉండవు. ప్రకటన వెలువడిన మూడవ రోజున, జూన్ 17న, సికింద్రాబాదు స్టేషనులో చెలరేగిన హింసలో ఒక యువకుడు మరణించాడు. అనంతరం కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో వారికి 10 శాతం ప్రకటించారు. తొలి బృందం 2026 చివర నుండి ఇళ్లకు చేరుతుంది. మాజీ సైనిక హోదా లేనందున రాష్ట్ర 2 శాతం వాటా వారికి దానంతటదే వర్తించదు.

6. ముగింపు

సైనికుడెవరన్న నిర్వచనం యుద్ధజాతుల సిద్ధాంతం నాడు జాతి ప్రాతిపదికన కుదించుకుపోయింది. నేడు సేవాకాల ప్రాతిపదికన కుదించుకుపోతున్నది. రెండు సందర్భాలలోనూ ప్రతిఫలపు తలుపు ఉత్తర్వులలోని శాతం దగ్గర కాక, నిర్వచనం దగ్గరే మూసుకుంది. కాబట్టి ఈ విషయాన్ని పరిశోధించేవారు కేటాయించిన వాటాతో ఆగక, జిల్లాలవారీగా భర్తీ అయిన స్థానాలను, భర్తీ పద్ధతిని కలిపి చదవవలసి ఉంటుంది.