తకావీ మొదలు ఖాతా జమ వరకు

కరవు నాడు దొరతనము రైతునకు సొమ్ము ఇయ్యవలెనా? ఇచ్చినచో అప్పుగానా, ఈవిగానా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలో ఈ ప్రశ్న రెండువందల యేండ్లకు పైగా నలుగుచున్నది.

ఆంగ్లేయులు రాకపూర్వము చెరువు త్రవ్వించినవానికి, బావి కట్టించినవానికి దానిక్రింద సాగగు భూమి రాబడిలో కొంత వదలివేయుట ఆచారము. దీనిని దశబంధ మనిరి. మొదట అది పదవవంతని పేరే చెప్పుచున్నది. కడప మండలమున ఈ ఇనాములు మిక్కుటము. చెరువు చెడకుండ చూచుకొన్నవానికే ఇనాము. సాయము పనితో ముడిపడి యుండెను.

1800లో నిజాము దత్తమండలములను కంపెనీవారికి అప్పగించెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ నుండెను. దండుల రాకపోకలతో, పాళెగాండ్ర కలహములతో పల్లెలు చితికియున్నవి. ఎద్దులకు, విత్తులకు ముందుగా రొక్కమిచ్చి, పంట చేతికి వచ్చిన పిదప రాబట్టుకొనెడి తకావీ అప్పులు అప్పుడు అక్కరకు వచ్చెను. ఇది కంపెనీవారు కనిపెట్టినది కాదు. బలము చేకూర్చుట యను అర్థముగల అరబ్బీ మాట నుండి వచ్చిన పేరది. దానమును కాదు. రైతు దుక్కి విడిచినచో సర్కారునకు శిస్తెక్కడిది?

మన్రో ఆలోచన అప్పుతో ఆగలేదు. 1807 ఆగస్టు నివేదికలో, సర్వే శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలెనని వ్రాసెను. బావులనుండియు, ఏళ్ళనుండి, వాగులనుండియు నీరెత్తి సాగుచేయు భూములకు మరి 8 కలిపి 33 తగ్గింపవలెననియు, మరమ్మతులు రైతులే చేసికొనవలెననియు చెప్పెను. దశబంధములోని మెలకువయే ఇందును కలదని మా అభిప్రాయము. కపిలబావులే దిక్కైన మెట్టసీమకు ఇది చిన్న మేలు కాదు.

పైవారు ఒప్పుకొనలేదు. మన్రో స్వదేశమునకు పోగా, గ్రామములను మొదట మూడేండ్లకు, ఆపై పదేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్తదారులు పెక్కురు చితికిపోయిరి. మన్రో 1820లో గవర్నరుగా తిరిగివచ్చిన తరువాతనే తగ్గింపు అమలులోనికి వచ్చినది. పదుమూడేండ్ల ఆలస్యమునకు వెల చెల్లించినది కచేరీ కాదు, పల్లె. 1827లో పత్తికొండలో ఆయన విషూచితో మరణించెను. పులివెందులకు చేరువనున్న గండిలో, పాపాఘ్నిపై బంగారు తోరణము ఆయన కంటబడినదనియు, అది మరణసూచకమనియు జనులు చెప్పుకొందురు. శిస్తు తగ్గించిన దొరకు జనమే తోరణము కట్టిరేమో!

1860 ప్రాంతమున కర్నూలు-కడప కాలువకు పూనుకొన్న మద్రాసు ఇరిగేషను కంపెనీకి, పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వడ్డీకి ప్రభుత్వము హామీ యిచ్చెను. రైతునకు అప్పు, వాటాదారునకు హామీ! 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనెను. ఆ నీరు ప్రొద్దుటూరు మాగాణికి అందినది, పులివెందుల మెట్టకు అందలేదు. 1876-78 నాటి ఘోరక్షామము తరువాత 1883, 1884 చట్టములు తకావీకి కొత్త కట్టుబాట్లు ఏర్పరచినవి. హామీ చూపగలవానికే అప్పు సులభమాయెను.

కపిల పోయి మోటారు వచ్చినది. 2004 మే 14న, పులివెందులవాసియగు వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్తు దస్త్రముపై తొలి సంతకము చేసెను. 2019లో కేంద్ర ప్రభుత్వము యేటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా రైతు ఖాతాలో వేయ నారంభించెను. రాష్ట్రపు రైతు భరోసాతో కలిసి అదే యేట అది 13,500 ఆయెను; 2025 ఆగస్టులో ఆరంభమైన అన్నదాతా సుఖీభవతో కలిపి 20,000.

ఈ సొమ్ము తకావీవలె తిరిగి కట్టనక్కరలేదు, దశబంధమువలె పనిని అడుగదు. ఇది మేలే. అయితే కేంద్రపు సొమ్ము భూమిగల కుటుంబమునకే చేరును. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ విత్తు కౌలుదారుని మాటేమి? 2019లో రాష్ట్రము భూమిలేని కొన్ని వర్గముల కౌలుదారులకు భరోసా వర్తింపజేసెను. అందులకు సాగుదారు హక్కు పత్రము కావలెను. అది పదునొకండు నెలలకే చెల్లును. దానిపై భూయజమాని సంతకముండవలెనని ఆ యేటి చట్టము విధించెను. సంతకము చేసినచో భూమి చేజారునని యజమాని భయము.