దక్షిణాది ఇళ్ల గుట్టు: అమెరికా రచయిత్రుల కుటుంబ రహస్య కథలు

అమెరికా దక్షిణ రాష్ట్రాల రచయిత్రుల కథల్లో తరతరాలుగా ఒక ఇతివృత్తం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పరువు గల కుటుంబం ఒకటి ఉంటుంది, అది దాచిపెట్టిన నిజం ఒకటి ఉంటుంది. ఎవరి బిడ్డ ఎవరు, ఎవరి చావుకు ఎవరు కారణం, ఆస్తి ఎవరికి దక్కాలి అన్న ప్రశ్నలు చివరి పేజీ దాకా పాఠకులను వెంట నడిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దపు వారపత్రికల సీరియళ్లలో మొదలైన ఈ ధార నేటికీ తెగలేదు. దాని వేళ్లు ఆ ప్రాంతపు చట్టాల్లో, భూస్వామ్యంలో, బానిసత్వంలో ఉన్నాయి. రహస్యాలను పుట్టించింది ఆ వ్యవస్థే. వాటిని కడుపులో దాచుకునే బరువు మాత్రం ఆడవాళ్ల మీద పడింది. చివరికి వాటిని బయటపెట్టిందీ వాళ్లే.

చట్టమే పుట్టించిన రహస్యం

ఇంగ్లండు సంప్రదాయంలో బిడ్డకు తండ్రి హోదా వచ్చేది. 1662లో వర్జీనియా వలస శాసనసభ దీన్ని తలకిందులు చేసింది. తల్లి బానిసైతే బిడ్డ కూడా బానిసేనని చట్టం తెచ్చింది. మిగతా దక్షిణ వలస ప్రాంతాలూ అదే దారి పట్టాయి. దాంతో యజమాని తన బానిస స్త్రీ ద్వారా కన్న బిడ్డ అతని వారసత్వం కిందికి కాక అతని ఆస్తి కిందికి వచ్చాడు. తండ్రి పేరు అడిగే అవసరం చట్టానికి లేకుండా పోయింది. ఒకే తండ్రి బిడ్డల్లో ఒకరు భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే, మరొకరు వడ్డించేవారు. పోలికలు అందరి కళ్లకూ కనిపించేవి, నోరు మాత్రం ఎవరూ విప్పేవారు కాదు.

ఈ మౌనాన్ని ఇద్దరు స్త్రీలు రెండు వైపుల నుంచి నమోదు చేశారు. దక్షిణ కరోలినాలో సంపన్న భూస్వామి కుటుంబపు కోడలైన మేరీ చెస్నట్ 1861లో తన డైరీలో ఒక సంగతి రాసుకుంది. పొరుగిళ్లలోని మిశ్రమ సంతతి పిల్లల తండ్రులెవరో ప్రతి ఇల్లాలూ చెప్పగలదు, తన ఇంట్లోని పిల్లలు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారన్నట్టు ఉంటుంది అని దాని సారాంశం. అదే ఏడాది హ్యారియెట్ జేకబ్స్ ఆత్మకథ ‘ఇన్సిడెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్’ మారుపేరుతో వెలువడింది. ఉత్తర కరోలినాలోని ఈడెంటన్‌లో బానిసగా పుట్టిన ఆమె, యజమాని వేధింపులు తప్పించుకోవడానికి ఒక అటకను ఆశ్రయించింది. తన అమ్మమ్మ ఇంటి కప్పు కింద, మూడడుగుల ఎత్తు కూడా దాటని ఇరుకు చోటులో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. ఆ ఆత్మకథను కల్పిత కథేనని చాలాకాలం అనుకున్నారు. 1980లలో జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలు, రికార్డులు వెలికితీసి, ఆ పుస్తకం జేకబ్స్ జీవితమేనని నిరూపించింది.

సీరియళ్ల కాలం

ఈ ఇళ్ల గుట్టును సామాన్య పాఠకులకు వారం వారం అందించిన రచయిత్రి ఇ.డి.ఇ.ఎన్. సౌత్‌వర్త్. భర్త వదిలేశాక పిల్లల పోషణ కోసం కలం పట్టి, ఆ కాలపు అమెరికాలో అత్యధికంగా చదివే రచయితల్లో ఒకరయ్యింది. ఆమె ‘ద హిడెన్ హ్యాండ్’ 1859లో ‘న్యూయార్క్ లెడ్జర్’లో సీరియల్‌గా వచ్చింది. ఒక మంత్రసానిని రాత్రివేళ కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లి, వర్జీనియాలోని ఒక ఇంట్లో కాన్పు చేయిస్తారు. ఆ ఆస్తికి వారసురాలైన పసిబిడ్డను ఆమె గుట్టుగా బయటికి చేరవేస్తుంది. మరణశయ్య మీద ఆమె ఇచ్చిన వాంగ్మూలంతోనే కథ కదులుతుంది. కథానాయిక కాపిటోలా న్యూయార్క్ వీధుల్లో మగపిల్లాడి వేషంలో బతికిన గడుసు పిల్ల. రహస్యం తెలిసిన మంత్రసాని, దాగిన వారసురాలు, ఆస్తికి ఆశపడే బంధువు అన్న ఈ అమరికను తర్వాతి తరాలు ఎన్నో రూపాల్లో వాడుకున్నాయి.

చివరి ఉత్తరం

అంతర్యుద్ధం ముగిసి 1865లో బానిసత్వం రద్దయినా రక్తపు గీతలు చెరగలేదు. వర్ణాంతర వివాహాల మీద నిషేధాలు ఉండేవి, వేరు బోగీలు, వేరు బడులు వచ్చాయి. ఒక మనిషి పుట్టుపూర్వోత్తరాలు అతని జీవితాన్నే తారుమారు చేయగల స్థితి కొనసాగింది. ఆ భయాన్ని నాలుగైదు పుటల్లో పట్టి చూపిన కథ కేట్ షోపాన్ రాసిన ‘డెజిరేస్ బేబీ’. సెయింట్ లూయిస్‌లో పుట్టిన షోపాన్ పెళ్లయ్యాక న్యూ ఆర్లీన్స్‌లోనూ, లూసియానా పల్లె క్లూటియర్‌విల్‌లోనూ కాపురముంది. 1882లో భర్త చనిపోయాక పుట్టింటి ఊరికి తిరిగొచ్చి రచన మొదలుపెట్టింది. ఈ కథ 1893 జనవరిలో ‘వోగ్’ పత్రికలో అచ్చయింది.

బానిసత్వపు రోజుల్లో జరిగే ఈ కథలో డెజిరే ఒక జమీందారీ ఇంటి వాకిట రాతిస్తంభం నీడలో దొరికిన పసిపిల్ల. ఆ ఇంటివాళ్లే పెంచి పెద్ద చేస్తారు. పొరుగు భూస్వామి ఆర్మాండ్, ఆమె పుట్టుక సంగతి పట్టించుకోకుండా పెళ్లాడతాడు. కొడుకు పుడతాడు. బిడ్డకు మూడు నెలలు వచ్చేసరికి ఇంట్లో ఏదో మారుతుంది. ఒక మధ్యాహ్నం బానిస స్త్రీ కొడుకు ఒకడు నెమలి ఈకల విసనకర్రతో పసివాడికి విసురుతుంటాడు. డెజిరే ఆ కుర్రాడినీ, తన బిడ్డనూ మార్చి మార్చి చూసి కొయ్యబారిపోతుంది. భర్త ఆమెనే నిందిస్తాడు. పుట్టుక తెలియనిది ఆమే కదా! బిడ్డతో పుట్టింటికి వచ్చెయ్యమని పెంపుడు తల్లి కబురు పంపినా, డెజిరే బిడ్డనెత్తుకుని బయూ వాగు గట్టున రెల్లు పొదల్లోకి నడిచి వెళ్లి మరి కనిపించదు. కొన్ని వారాల తర్వాత ఆర్మాండ్ ఆమె బట్టలు, ఊయల, ఉత్తరాలు మంటలో వేయిస్తాడు. అదే సొరుగులో పాత ఉత్తరం ముక్క ఒకటి దొరుకుతుంది. అది ఆర్మాండ్ తల్లి తన భర్తకు రాసింది. నల్లజాతి రక్తం తనదేనని, ఆ సంగతి కొడుకుకు ఎప్పటికీ తెలియకూడదని అందులో ఉంటుంది. భార్య మీద మోపిన నింద అతని సొంత పుట్టుకదేనని తేలుతుంది. ఇంటి పెత్తనమంతా మగవాడిదైనా, నిజాన్ని కాగితం మీద పెట్టింది ఆ తల్లే.

పెద్దలు చెప్పిన కథలు, పిల్లలు కనిపెట్టిన నిజాలు

1935లో రిచ్‌మండ్ రచయిత్రి ఎలెన్ గ్లాస్గో తన ప్రాంతపు కొత్త రచనల్లోని బీభత్సాన్ని విమర్శిస్తూ ‘సదరన్ గోథిక్’ అన్న మాట వాడింది. ఆక్షేపణగా వచ్చిన ఆ మాటే తర్వాత ఒక సాహిత్య శాఖకు పేరుగా నిలిచింది.

టెక్సస్‌లో పుట్టిన కాథరిన్ ఆన్ పోర్టర్ 1930లలో రాసిన ‘ఓల్డ్ మోర్టాలిటీ’లో దయ్యాల కొంపలేవీ లేవు. గోడ మీద చిన్న వయసులో పోయిన మేనత్త ఏమీ ఫోటో ఉంటుంది. ఆమె అందం గురించీ, ఆమె మీద గేబ్రియల్ అనే అతను పెంచుకున్న ప్రేమ గురించీ పెద్దలు చెప్పే కథలు విని ఆ ఇంటి చిన్నపిల్ల మిరాండా పెరుగుతుంది. తర్వాత గేబ్రియల్‌ను కళ్లారా చూస్తే అతను గుర్రప్పందేల తాగుబోతు. పద్దెనిమిదేళ్ల వయసులో అతని అంత్యక్రియలకు రైల్లో వెళుతుండగా ఈవా అనే బంధువు ఎదురుపడి, ఏమీ చావు గురించి మరో కథ చెబుతుంది. రెండు కథల్లో ఏది నిజమో పోర్టర్ తేల్చదు. కుటుంబం తన గతాన్ని ఎలా అల్లుకుంటుందన్నదే ఆమెకు ముఖ్యం.

జార్జియాలో స్థిరపడిన లిలియన్ స్మిత్ 1944లో ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ నవలలో శ్వేతజాతి యువకుడు, నల్లజాతి యువతి మధ్య చాటుమాటు ప్రేమనూ, దాని వెంట వచ్చిన హత్యనూ చిత్రించింది. బోస్టన్‌లో ఆ పుస్తకం అమ్మకాన్ని నిషేధించారు. 1960లో అలబామా రచయిత్రి హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో రహస్యాన్ని చిన్నపిల్ల కళ్లతో చూపింది. ఊరంతా భయపడే బూ రాడ్లీ చివరికి పిల్లల ప్రాణాలు కాపాడతాడు. అతన్ని రచ్చకీడ్చకుండా షెరిఫే ఆ సంగతి దాచేస్తాడు. మేలు చేసే మౌనం కూడా ఉంటుందని ఆ నవల గుర్తిస్తుంది.

ట్రంకులో ఉత్తరాలు, కచేరీలో కాగితం

1970ల నుంచి నల్లజాతి రచయిత్రులు ఈ కథను తమ వైపు నుంచి తిరగరాశారు. కెంటకీకి చెందిన గేల్ జోన్స్ ‘కొరెగిడోరా’ (1975)లో బానిసల యజమాని చేసిన అఘాయిత్యాలకు కాగితాల సాక్ష్యం మిగలదు, తగలబెట్టేశారు. అందుకే ఆ ఇంటి స్త్రీలు జరిగినదంతా కూతుళ్లకు నోటిమాటగా అప్పగిస్తారు. జార్జియాలో కౌలు రైతుల ఇంట పుట్టిన ఆలిస్ వాకర్ ‘ద కలర్ పర్పుల్’ (1982)లో పద్నాలుగేళ్ల సీలీ, తండ్రిగా తాను నమ్మిన మనిషి చేసిన అత్యాచారాన్ని ఎవరికీ చెప్పుకోలేక దేవుడికి ఉత్తరాలు రాస్తుంది. చెల్లెలు నెటీ రాసిన ఉత్తరాలను భర్త ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో దాచేస్తాడు. వాటిని బయటికి తీయించేది భర్త ప్రియురాలు షుగ్. ఆ ఉత్తరాల వల్లే, తనను చెరిచినవాడు సవతి తండ్రి అనీ, కన్నతండ్రిని వ్యాపారంలో పైకొచ్చినందుకు శ్వేతజాతివాళ్లు చంపేశారనీ సీలీకి తెలుస్తుంది. ఈ నవలకు 1983లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కాల్పనిక సాహిత్యంలో దాన్ని అందుకున్న తొలి నల్లజాతి మహిళ వాకర్.

పేద శ్వేతజాతి కుటుంబాల గుట్టు విప్పినది డొరొతీ ఆలిసన్. 1992 నాటి ‘బాస్టర్డ్ అవుట్ ఆఫ్ కరోలినా’లో ఒక తల్లి తన కూతురి జనన ధ్రువపత్రం మీద పడ్డ ‘అక్రమ సంతానం’ ముద్రను తీయించడానికి పదే పదే కచేరీకి వెళుతుంది, గుమాస్తాలు నవ్వుకుంటారు. ఆ తల్లే సవతి తండ్రి హింస నుంచి కూతుర్ని కాపాడలేకపోతుంది. చివర్లో ముద్ర లేని పత్రం కూతురి చేతిలో పెట్టి, ఆ మనిషి వెంటే వెళ్లిపోతుంది.

ఉత్కంఠ పనిచేసే తీరు

ఈ కథల్లో నేరస్థుణ్ణి వెతికే డిటెక్టివ్ సాధారణంగా ఉండడు. చావు, పెళ్లి, ఆస్తి పంపకం లాంటి సందర్భం ఏదో దూరమైపోయిన ఆడపిల్లను పుట్టింటికి రప్పిస్తుంది. మేనత్తలు, వంటమనుషులు, పాత స్నేహితురాళ్లు తలా ఒక ముక్క చెబుతారు. ఉత్తరం, ఫోటో, వీలునామా, ధ్రువపత్రం లాంటి వస్తువు ఆ ముక్కలను కలుపుతుంది. ఊళ్లో చాలామందికి నిజం ముందే తెలుసు. తెలియనిది కథానాయికకూ, పాఠకులకూ మాత్రమే. అందువల్ల ఉత్కంఠ ‘ఏం జరిగింది’ అన్న దగ్గర ఆగదు. ఇన్నాళ్లూ ఎవరు ఎందుకు దాచారు, దాచినందుకు మూల్యం ఎవరు చెల్లించారు అన్న దాకా సాగుతుంది.

ఇటీవలి ప్రజాదరణ నవలలదీ ఇదే పద్ధతి. ఫానీ ఫ్లాగ్ రాసిన ‘ఫ్రైడ్ గ్రీన్ టొమేటోస్’ (1987)లో భార్యను హింసించిన మనిషి మాయమైన సంగతిని హోటలు వంటింట్లోని ఆడవాళ్లు దశాబ్దాలు దాచుకుంటారు. లీసా వింగేట్ ‘బిఫోర్ వి వర్ యువర్స్’ (2017)కు మూలం నిజంగా జరిగిన దారుణం. మెంఫిస్‌లోని అనాథ శరణాలయ నిర్వాహకురాలు జార్జియా టాన్ పేదల పిల్లలను ఎత్తుకొచ్చి ఉన్నవాళ్లకు దత్తతకు అమ్మేది. 1950లో ఆ వ్యవహారం బయటపడింది, కొన్నాళ్లకే ఆమె చనిపోయింది. దత్తత రికార్డులు మాత్రం 1990ల దాకా మూసే ఉంచారు.

చరిత్ర ఇచ్చిన సాక్ష్యం

రచయిత్రులు కథల్లో చెప్పినదాన్ని తర్వాతి కాలం నిజమని తేల్చింది. అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ తన బానిస శాలీ హెమింగ్స్ ద్వారా పిల్లల్ని కన్నాడన్న మాట రెండు శతాబ్దాలు వివాదంగా నడిచింది. 1998లో డీఎన్ఏ పరీక్ష జెఫర్సన్ వంశానికీ, హెమింగ్స్ కొడుకు సంతతికీ మధ్య సంబంధాన్ని చూపింది. ఆ శాలీ జెఫర్సన్ భార్యకు తండ్రి వైపు సవతి చెల్లెలు కూడా. జాతి వేర్పాటు కోసం 1948లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 2003 జూన్‌లో చనిపోయాడు. ఆరు నెలలకు ఎస్సీ మే వాషింగ్టన్ విలియమ్స్ అనే రిటైర్డ్ ఉపాధ్యాయురాలు తాను అతని కూతురినని ప్రకటించింది. ఆమె తల్లి థర్మండ్ తల్లిదండ్రుల ఇంటి పనిమనిషి, నల్లజాతి అమ్మాయి. కుటుంబం ఆ మాటను ఒప్పుకుంది. 2004లో దక్షిణ కరోలినా శాసనసభ ప్రాంగణంలోని అతని విగ్రహం మీద పిల్లల పేర్లలో ఆమె పేరునూ చెక్కారు.

రికార్డులు తెరుచుకుని, డీఎన్ఏ పరీక్షలు అందుబాటులోకి వచ్చాక పుట్టుక గుట్టు దాచడం కష్టమైంది. అయినా ఈ సాహిత్యానికి పని తగ్గలేదు. బ్రిట్ బెనెట్ 2020లో రాసిన ‘ద వానిషింగ్ హాఫ్’లో లూసియానా పల్లెకు చెందిన కవలల్లో ఒకరు శ్వేతజాతి స్త్రీగా చలామణీ అవుతూ భర్తకూ, కూతురికీ తన పుట్టుక తెలియనివ్వదు. రెండో ఆమె తన ఊరికే తిరిగొస్తుంది. ఆమె పేరు డెజిరే. పరీక్ష రక్తసంబంధాన్ని చెప్పగలదు. ఒక మనిషి తన వాళ్లను ఎందుకు వదులుకోవాల్సి వచ్చిందో, ఆ నష్టం తర్వాతి తరానికి ఎలా సంక్రమిస్తుందో చెప్పే పని ఇప్పటికీ నవలదే. దక్షిణాది రచయిత్రులు నూట అరవై ఏళ్లుగా ఆ పనిని నమ్మకంగా చేస్తున్నారు.