తాతగారి కత్తి తళతళా మెరవాలా?

ఇవాళ మనం యుద్ధాల గురించి కాదు, యుద్ధాలన్నీ అయిపోయాక ఇంట్లో మిగిలిపోయిన కత్తి గురించి మాట్లాడుకుందాం. మన దగ్గర చాలా ఇళ్ళల్లో దేవుడి గదిలోనో, అటక మీద పాత గుడ్డలో చుట్టో ఒక కత్తి ఉంటుంది. దసరాకి బయటికి తీస్తారు, తోముతారు, బొట్టు పెడతారు, మళ్ళీ లోపల పెట్టేస్తారు. ఈ తోమడం దగ్గరే అసలు సమస్య ఉందండీ.

కొన్నేళ్ళ కిందట తెలిసినవాళ్ళ ఇంటికి వెళ్ళాను. అబ్బాయి పెళ్ళిలో పెళ్ళికొడుకు చేతిలో పెట్టాలని ఆ పెద్దాయన తాతలనాటి కత్తిని పాలిష్ షాపులో ఇచ్చి బఫింగ్ చేయించారు. "చూడండి, స్టీలు గ్లాసులా ఎలా మెరుస్తోందో!" అన్నారు సంతోషంగా. నిజమే, అద్దంలా ఉంది. అయితే అదే కత్తి పాత ఫోటో ఒకటి వాళ్ళింట్లోనే చూశాను. అందులో అలుగు నిండా సన్నని నీటి అలల్లాంటి గీతలు ఉన్నాయి. పిడి దగ్గర బంగారు తీగతో వేసిన రాత కూడా కొంచెం కనిపిస్తోంది. ఇప్పుడు అలలూ లేవు, రాతా లేదు. ఆయన మొహంలో సంతోషం చూసి నాకు నోరు రాలేదు.

ఇంతకీ ఆ అలలు ఏమిటి? అక్కడే మన చరిత్ర ఉంది. నిజామాబాద్ ప్రాంతంలో కోనసముద్రం అని ఒక ఊరు. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో ఉక్కు కరిగించి ముద్దలుగా తయారు చేసేవారు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు అంత దూరం వచ్చేవారు. 1820ల నాటికి హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ పరిశోధకుడు ఆ పనిని స్వయంగా చూసి రాశాడు. ఇంగ్లీషువాళ్ళు ఈ ఉక్కుని 'వూట్జ్' అన్నారు. మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాటే అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దీని మీద వ్యాసం చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు దీని రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు.

రహస్యం ఏమిటంటే, ఈ ఉక్కులో కార్బన్ ఎక్కువ, సుమారు 1.5 శాతం. మూస నెమ్మదిగా చల్లారి, ఆ ముద్దని తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగగొడితే లోపల ఐరన్ కార్బైడ్ వరసలు వరసలుగా ఏర్పడుతుంది. కానీ కమ్మరి పని అయిపోయేసరికి ఆ వరసలు పైకి కనిపించవు. అలుగుని నున్నగా రుద్ది, కొద్దిపాటి ఆమ్ల గుణం ఉన్న ద్రావణం పూస్తే ఇనుము నల్లబడుతుంది, కార్బైడ్ తెల్లగా నిలుస్తుంది. అప్పుడు అలలు బయటపడతాయి. అంటే ఆ రోజుల్లో పాలిష్ చేసేది మెరుపు కోసం మాత్రమే కాదు, లోపలున్నది చూపించడానికి. దానికోసం సికిలిగర్లు అని ప్రత్యేకంగా పనివాళ్ళే ఉండేవారు. మెరుగు పెట్టడం అనే అర్థమున్న 'సైకల్' అన్న అరబ్బీ మాట నుంచి వాళ్ళకా పేరు వచ్చింది.

మనం ఇప్పుడు చేసేది దీనికి సరిగ్గా ఉల్టా. చింతపండు, ఇటుక పొడి, ఉప్పుకాగితం, ఆఖరికి బఫింగ్ చక్రం. అలలు లోహం లోపల కూడా ఉంటాయి కాబట్టి, చెయ్యి తిరిగినవాళ్ళు మళ్ళీ బయటికి తేగలరు. కానీ ఆ బంగారు పని ఉంది చూశారూ, అది ఉక్కు మీద సన్నగా గాట్లు పెట్టి పల్చటి తీగని కొట్టి అంటించింది. ఒకసారి అరిగిపోతే ఇక తిరిగి రాదు. చేసినవాడి ముద్ర అయినా, ఎవరి కత్తో చెప్పే పేరైనా అంతే.

ఈ విషయంలో జపాన్ వాళ్ళని చూడండి. వాళ్ళ కత్తుల్లో పిడి లోపలికి దూరే భాగాన్ని 'నకాగో' అంటారు. దాని మీద తుప్పుని వాళ్ళు ముట్టుకోరు. ఆ తుప్పు రంగుని బట్టే కత్తి వయసు అంచనా కడతారు. దాన్ని శుభ్రం చేస్తే కత్తి విలువే పడిపోతుంది. పదును పెట్టడం, రుద్దడం ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళ పని. ఇంట్లోవాళ్ళ పని పాత నూనె తుడిచి కొత్త నూనె రాయడం, అంతే.

మరి మనం ఇంట్లో ఏం చెయ్యాలి? ముందు చేతికి గ్లోవ్స్ వేసుకోండి. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర పడిన చోటే తుప్పు మొదలవుతుంది. ఒరలోంచి తీసేటప్పుడు పదును ఉన్న వైపు ఒర చుట్టూ వేళ్ళు పెట్టకండి, పాత ఒర చీలిపోయి ఉండొచ్చు. నల్లగా, గోధుమరంగులో గట్టిగా పట్టి ఉన్న పొరని వదిలేయండి, అది కత్తి వయసు. ఎర్రగా పొడి రాలుతున్న తుప్పు ఉంటే కుట్టుమిషను నూనె రాసి ఒక రోజు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. మొండిగా ఉంటే వెదురు పుల్లతో మెల్లగా గీకండి. బంగారం, వెండి ఉన్న చోట అదీ వద్దు. తర్వాత పల్చగా మళ్ళీ అదే నూనె రాయండి. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు కడతాయి.

నీళ్ళలో, ముఖ్యంగా వేడినీళ్ళలో ముంచకండి. మన తల్వార్లకి పిడిని లక్కతో బిగిస్తారు, వేడి తగిలితే లక్క మెత్తబడి పిడి ఊడొస్తుంది. తోలు ఒర చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి కత్తిని ఒరలోంచి తీసి, పొడి నూలుగుడ్డలో విడిగా దాచండి.

పూజ మానమని నేను అనడం లేదండీ. కుంకుమ బొట్టు కత్తి కింద పరిచిన గుడ్డ మీద పెట్టండి. మొనకి నిమ్మకాయ గుచ్చకుండా పక్కన పెట్టండి, పులుపు ఉక్కుని తినేస్తుంది. పూజ అవగానే పొడిగుడ్డతో తుడిచి నూనె రాయండి.

ఆ పెద్దాయనకి ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఇవాళ మీకు చెబుతున్నాను. ఈ దసరాకి తోమే ముందు కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి ఒక్కసారి చూడండి. నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. అలలు కనిపించాయా, పిడి దగ్గర ఏదైనా రాత ఉందా? ఉంటే ఉప్పుకాగితం పక్కన పడేసి ముందు ఏదైనా మ్యూజియం వాళ్ళకి చూపించండి. వచ్చే ఎపిసోడ్ లో మళ్ళీ కలుద్దాం. సెలవు.