విల్లో బరికె, చేదు బెరడు

విల్లో అనగానే మన సభ్యులకు క్రికెట్ బ్యాటే గుర్తొస్తుంది. ఇంగ్లండులో సోమర్సెట్ పల్లపు భూముల్లో ఆ కుటుంబానికే చెందిన వేరే జాతులను బుట్టల కోసం పండిస్తారు. అక్కడ అది చెట్టు కాదు, పైరు. జానెడు ముక్కలను తడినేలలో గుచ్చితే వేళ్లు పోసుకుంటాయి. దగ్గర దగ్గరగా నాటడంలోనే కిటుకుంది: పక్కకొమ్మలకు చోటు లేక చువ్వలు తిన్నగా ఒక్క ఏడాదిలో 6, 7 అడుగులు లేస్తాయి. చలికాలంలో ఆకు రాలాక మొదలంటా కోస్తారు. మోడు మళ్లీ చిగురిస్తుంది.

బెరడుతోనే ఎండబెట్టిన బరికె గోధుమరంగు. గంటల తరబడి ఉడకబెట్టి ఒలిస్తే బెరడులోని టానిన్ పట్టి తేనెరంగు. నీళ్లలో నిలబెట్టి, వసంతంలో రసం ఎక్కాక ఒలిస్తే తెలుపు. పూర్వం ఈ ఒలుపు ఆడవాళ్ల, పిల్లల పని. రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్ కట్టి సైన్యానికి సరుకులు దింపిన బుట్టలూ ఈ బరికెలవే. తరువాత ప్లాస్టిక్ వచ్చింది. మన మేదరి బుట్టకు పట్టిన గతే దీనికీ పట్టింది. మిగిలిన కొద్దిమంది రైతులు తోట దడులకు, చిత్రకారుల బొగ్గుకు, శవపేటికలకు పండిస్తున్నారు.

వైద్యులం గనుక మా చూపు ఆ ఒలిచిన బెరడు మీదకు పోయింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు విల్లో బెరడును యాదృచ్ఛికంగా నమిలి, ఆ చేదుకు సింకోనాను తలచుకున్నాడు. చిత్తడినేలలో వచ్చే చలిజ్వరానికి మందు కూడా అక్కడే మొలుస్తుందని ఆయన నమ్మకం. బెరడును రొట్టెల పొయ్యి పక్కన ఎండబెట్టి, పొడిచేసి, సుమారు 50 మందికిచ్చి, 1763లో రాయల్ సొసైటీకి రాశాడు. అచ్చులో పేరు ఎడ్మండ్ అని పడింది. అచ్చుతప్పులు మన పత్రికకే ప్రత్యేకం కావన్నమాట!

జ్వరం తగ్గిన మాట నిజమే. కాని విల్లో బెరడు వేడిని దించుతుందే తప్ప మలేరియా క్రిమిని చంపదు. మొండి జ్వరాలకు ఐదోవంతు సింకోనా కలపవలసి వచ్చిందని స్టోనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి మేము నమస్కరిస్తాం. తమ మందు ఓడిన చోటు చెప్పే వైద్యులు ఎప్పుడూ తక్కువే.

బెరడులోని సాలిసిన్‌ను 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ వేరుచేశాడు. దాని బంధువైన ఆస్పిరిన్‌ను 1897 ఆగస్టు 10న జర్మనీలో హాఫ్‌మన్ తయారుచేశాడు. సరిగ్గా పదిరోజులకు, ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.