తిరగేసిన సత్యం

అబ్బాయి సత్యంలో చేస్తున్నాడంటే ఆ రోజుల్లో పెళ్లివారు ఇంకేమీ అడిగేవారు కాదు. పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన బైర్రాజు రామలింగరాజు 1987లో హైదరాబాదులో పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి యాభై వేలమందికి పైగా అన్నం పెట్టింది.

డబ్బుతోపాటు మంచిపేరూ వచ్చింది. తండ్రి పేరిట పెట్టిన ఫౌండేషన్ పల్లెలకు మంచినీళ్లిచ్చింది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మన రోడ్డెక్కిందీ రాజుగారి చొరవతోనే. కంపెనీని పద్ధతిగా నడుపుతున్నందుకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు, ఐఎస్‌బీ డీను. ఇంతకుమించిన పెద్దమనుషులు ఎక్కడ దొరుకుతారు?

ఆ బోర్డే 2008 డిసెంబరు 16న, రాజుగారి కుటుంబానివైన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి సరేనంది. ఇంగ్లీషు అక్షరాల్లో సత్యాన్ని తిరగేస్తే మేటాస్ వస్తుంది. తెలుగులో రాదు, అదొక్కటే మనకు ఊరట. మదుపరులు భగ్గుమన్నారు. గంటల్లోనే బేరం రద్దయింది.

మూడు వారాలకు, జనవరి 7న, రాజుగారి ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. సెప్టెంబరు త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లని చూపారు, నిజానికి 2,112. లాభం 649 అన్నారు, వచ్చింది 61. తీసివేసి చూడండి, రెండుచోట్లా తేడా 588 కోట్లే. అంటే రాని ఆదాయం రాసి, దానికి ఒక్క పైసా ఖర్చు చూపకుండా మొత్తం లాభంలో కలిపేశారన్నమాట. మేటాస్ కొనుగోలు ఈ గుంట పూడ్చడానికి చేసిన ఆఖరి ప్రయత్నమట. దిగడం తెలియని పులిస్వారీ అని తనే రాసుకున్నారు.

గుంట ఎలా తవ్వారో తర్వాత తేలింది. సీబీఐ లెక్కన దొంగ ఇన్వాయిసులు 7,561. ‘సూపర్ యూజర్’గా లాగిన్ అయినవాళ్లకే అవి కనబడేవి. పని చేసినట్టు రాసిన విభాగానికే ఆ పని సంగతి తెలియదు. వాటికి తోడు దొంగ డిపాజిట్ రసీదులు, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు. పేరున్న ఆడిటర్లు ఏళ్లతరబడి వీటికింద సంతకం పెట్టారు. బ్యాంకులను సూటిగా నిలదీసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయే సంగతి.

179 రూపాయల షేరు ఆ ఒక్కరోజులోనే 40కి పడింది. రాజుగారు చంచల్‌గూడ జైలుకెళ్లారు. కంపెనీని టెక్ మహీంద్రా కొనుక్కుంది. 2015లో కోర్టు ఏడేళ్ల శిక్ష వేస్తే, నెల తిరగ్గానే బెయిలొచ్చింది.

పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలని 2013 చట్టం చెప్పింది. ఆ సేవ విషయంలో రాజుగారికి వేలెత్తి చూపలేం. లేనిది లాభమే.

108 చేతులు మారింది, నంబరు మారలేదు. అర్ధరాత్రి ఆ సైరన్ వినబడితే ఇప్పటికీ బండి పక్కకు తీసి దారిస్తాం.