ఇస్ఫహాన్ ఉజ్బెక్, బందరు హైదర్ జంగ్

1721లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కితాబు అచ్చయింది. రాసినవాడి పేరు లేదు, అచ్చువేసినవాడి పేరు బూటకం. ‘లెత్ర్ పెర్సాన్’, అంటే పారసీ ఖతూత్. ఇస్ఫహాన్ నుంచి పారిస్ వెళ్లిన ఉజ్బెక్, రికా అనే ఇద్దరు పెద్దమనుషులు ఇంటికీ దోస్తులకూ రాసిన ఉత్తరాలట. నిజానికి రాసింది బోర్డో కోర్టులో జడ్జీ, మాంటెస్క్యూ. ఇరాన్ గడప తొక్కినవాడు కాదు. షార్డాన్, తావెర్నియేల సఫర్‌నామాలు చదివి ఇస్ఫహాన్‌ని అల్లేశాడు. ఆ తావెర్నియే మనకి పరాయివాడేం కాదు. 1652లో మచిలీపట్నంలో దిగి గోల్కొండకు వజ్రాల బేరానికి వెళ్లినవాడే.

మజా ఏమిటంటే, తమ బాద్‌షానీ పోపునీ ఫ్రెంచివాడు సొంత జుబాన్‌తో వెక్కిరిస్తే జైలే. ఒక ముసల్మాన్ నోట పలికిస్తే నవ్వుకుంటారు. మన లిబాస్ వాళ్లకి అలా పనికొచ్చింది. చదువుతుంటే నాకు కొంత చిరాకూ వేసింది. జనానా, ఖ్వాజాసరాలు, పరదాలు... పారిస్ పాఠకుడికి చక్కిలిగింతలు పెట్టడానికే సగం. కానీ చివరి ఖత్ దగ్గర ఆగిపోయాను. పారిస్‌లో ఆజాదీ, ఇన్సాఫ్ గురించి గంభీరంగా రాసే ఉజ్బెక్, ఇంట్లో బీబీల మీద మాత్రం హుకుం జారీ చేస్తూనే ఉంటాడు. రొక్సాన్ విషం తాగి, ఇన్నాళ్ల నా వఫాదారీ నాటకమేనని అతనికి రాసి పోతుంది. నావల్ ప్రాణమంతా అక్కడుంది.

ఆ పుస్తకంలో జాన్ లా అనే దొర మీద గట్టి ఎత్తిపొడుపు ఉంది. కాగితాలు అచ్చేసి ఇదే సొమ్మని ఫ్రాన్సును నమ్మించి, 1720లో దివాలా తీయించినవాడు. అతను 1719లో కలిపి కట్టిన ఫ్రెంచి ఇండియా కంపెనీయే 1723లో మా గోదావరి పాయ ఒడ్డున యానాంలో కోఠీ తెరిచింది. బేరం కుదరక 1727లో మూసి, 1731లో మళ్లీ తెరిచారు. లా దొర తమ్ముడి కొడుకు తర్వాత పాండిచ్చేరి గవర్నరు కూడా అయ్యాడు!

పారిస్‌లో నకిలీ పారసీ ఉత్తరాలు అమ్ముడుపోతుంటే, ఇక్కడ ఫ్రెంచివాళ్లకి అసలు పారసీ ఖతూత్ లేకపోతే పూట గడవదు. దక్కన్ దర్బారు జుబాన్ అదే కదా. 1753లో సలాబత్ జంగ్ ఏలూరు, రాజమండ్రి, ముస్తఫానగర్, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీకి రాసిచ్చాడు. బుస్సీ దొర ఖితాబులు కూడా పుచ్చుకున్నాడు. ఒక ఖితాబు ఉమ్దతుల్ ముల్క్. పారిస్‌లో పారసీ వేషం కాగితం మీదే. ఇక్కడ ఫ్రెంచివాడే మన పేరు పెట్టుకుని దర్బారులో హాజరు. వాళ్లు వెళ్లిపోయాక కూడా జమాబందీ, వసూలు, దస్తావేజు అనే మాటలు మన రైతుల నోట నిలిచాయి.

ఈ రెండు లోకాల మధ్య నిలబడ్డ మనిషి ఒకడున్నాడు. అబ్దుల్ రహ్మాన్, ఖితాబు హైదర్ జంగ్. వాలిద్ మచిలీపట్నంలో నిజాం తరఫు హాకిం. కొడుకు పాండిచ్చేరిలో ఫ్రెంచి నేర్చాడు, బుస్సీకి దివాన్ అయ్యాడు. దర్బారు పారసీ ఒకవైపు, దొర ఫ్రెంచి ఒకవైపు, మధ్యలో ఇతను. నన్నడిగితే అసలు ఉజ్బెక్ ఇతనే. కాకపోతే ఇతన్ని ఊహించి రాసిన మాంటెస్క్యూ లేడు.

సర్కార్లు రాసిచ్చినంత మాత్రాన చేతికి రాలేదు. శ్రీకాకుళం, రాజమండ్రి ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ ససేమిరా అన్నాడు. చివరికి ఆ రెండూ విజయనగరం విజయరామరాజుకి ఇజారాకి వెళ్లాయి. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. కోటలోని మగవాళ్లు, అంతఃపురం ఆడవాళ్లు ఎలా ముగిశారో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. విజయరామరాజు డబ్బు తిని దొర మనసు విరిచాడని బొబ్బిలి కథ చెప్పేవాళ్లు హైదరు జంగునే తిడతారు. తర్జుమా చేసినవాడే తోహ్మతూ మోశాడు, తోప్ పేల్చినవాడు దొరగానే మిగిలాడు.

1758 మేలో ఔరంగాబాదులో నిజాం అలీ డేరాలో హైదర్ జంగ్‌ని పొడిచి చంపారు. కొద్ది వారాలకే లాలీ బుస్సీని వెనక్కి పిలిపించాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి ఫౌజును ఓడించారు. యానాం మాత్రం 1954 దాకా వాళ్ల చేతుల్లోకి వస్తూ పోతూ ఉంది.